గుజ్జుకు నరం లేదు, మరి నొప్పి ఎక్కడిది?



మోకాళ్ళ నొప్పులతో ఆసుపత్రికి వెళ్ళొచ్చిన వాళ్ళను డాక్టరు ఏమన్నారని అడిగితే చాలామంది చెప్పే మాట ఒకటే: “గుజ్జు అరిగిపోయిందట.” ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు ఎత్తిపట్టి, రెండు ఎముకల మధ్య ఉండాల్సిన ఖాళీ ఎంత సన్నబడిందో వేలితో చూపిస్తారు కూడా. ఆ మాట అబద్ధం కాదు. కానీ అందులో ఒక చిక్కు ఉంది. మనం గుజ్జు అని పిలుచుకునే ఆ నున్నటి పొరకు, అంటే మృదులాస్థికి, నరం లేదు. రక్తనాళమూ లేదు. దాన్ని సూదితో గుచ్చినా మనకు తెలియదు. నరమే లేనిది అరిగితే నొప్పి ఎక్కడి నుంచి వస్తోంది?

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకావిడ ఎక్స్‌రేలో ఎముకకు ఎముక రాసుకునేంత అరుగుదల కనిపిస్తుంది, ఆవిడేమో తిరుమల మెట్లెక్కి దర్శనం చేసుకుని వస్తుంది. మరొకావిడ ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ ఉండదు, కానీ పీట మీద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యి అందిస్తే తప్ప లేవలేదు. కీళ్ళ వైద్యులందరికీ తెలిసిన సంగతే ఇది. అరుగుదల ఎంతో నొప్పి అంత అనే లెక్క కీళ్ళ దగ్గర కుదరదు.

ఈ రెండు చిక్కులనూ విప్పుకుంటూ పోతే మనం కీలులోపలి రసాయనాల దగ్గరకు చేరతాం. ఒక నాడీకణం నుంచి ఇంకో కణానికి కబురు చేరవేసే రసాయనాలను న్యూరోట్రాన్స్‌మిటర్లు అంటారు. గ్లుటమేట్, సెరటోనిన్, నోరాడ్రినలిన్, ఎసిటైల్‌కోలిన్ వగైరా. ఈ పేర్లు వింటే మనకు వెంటనే మెదడు గుర్తొస్తుంది. నిద్ర, దిగులు, మతిమరుపు గుర్తొస్తాయి. కానీ ఇవే రసాయనాలు మోకాల్లోనూ, మణికట్టులోనూ, వేళ్ళ కణుపుల్లోనూ పనిచేస్తున్నాయి. అక్కడ వాపు పెరగడంలో, తగ్గడంలో, ఎముక అరగడంలో వాటి చెయ్యి ఉంది. ఈ పూట వాటి గురించి చెప్పుకుందాం.

మెదడు బయట ఈ రసాయనాలకేం పని అని ఆశ్చర్యపోనక్కర్లేదు. అసలు నరాలు రసాయనాలతో కబురు పంపుతాయని మొదట రుజువైంది గుండె దగ్గరే. 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త రెండు కప్పగుండెలను తీసి, లవణద్రావణంలో కొట్టుకునేలా విడివిడిగా అమర్చాడు. ఒక గుండెకు వేగస్ అనే నరాన్ని అలాగే ఉంచాడు. ఆ నరానికి కరెంటు తగిలిస్తే గుండె నెమ్మదించింది. ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండెకు అందిస్తే, అదీ నెమ్మదించింది. రెండో గుండె నరాన్ని ఎవరూ ముట్టుకోనేలేదు. అంటే మొదటి నరం కొసల నుంచి ఏదో ద్రవంలోకి దిగిందన్నమాట. అది ఎసిటైల్‌కోలిన్ అని తరవాత తేలింది. లోవీకి, ఇంగ్లండు శాస్త్రవేత్త హెన్రీ డేల్‌కు కలిపి 1936లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వేగస్ నరాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, కీళ్ళవాతం దగ్గర మళ్ళీ దీని అవసరం పడుతుంది.

ఇప్పుడు మోకాలి లోపలికి వెళ్దాం. రెండు ఎముకల కొసలకూ గుజ్జు పొర ఉంటుంది. కీలు మొత్తాన్ని చుట్టి ఒక గట్టి సంచి ఉంటుంది. ఆ సంచికి లోపలివైపు అతుక్కుని, ఒకటి రెండు వరసల కణాలతో, సైనోవియం అనే పల్చటి పొర ఉంటుంది. కీలులో జారుడుకు కావలసిన జిగురునీరు ఆ పొర నుంచే ఊరుతుంది. ఆరోగ్యంగా ఉన్న మోకాల్లో ఆ నీరు ఒక టీస్పూను కూడా ఉండదు. మోకాటిచిప్ప కింద కొవ్వుదిండు ఒకటుంది. గుజ్జు అడుగున ఎముక ఉంది. గుజ్జుకు తప్ప వీటన్నిటికీ నరాలున్నాయి. నొప్పి పుట్టేది ఇక్కడే. గుజ్జు అరిగినప్పుడు రాలిన తునకలు సైనోవియాన్ని రేపుతాయి, అది వాస్తుంది. గుజ్జు పల్చబడ్డ చోట బరువు ఎముక మీద పడుతుంది. జబ్బు ముదిరితే ఎముక వైపు నుంచి కొత్త రక్తనాళాలు, వాటి వెంట సన్నటి నరాలు గుజ్జు అడుగులోకి పాకుతాయి. అప్పటిదాకా నరమెరగని చోటికి నరం వచ్చి చేరుతుంది.

కీలుకు వచ్చే నరాల్లో రెండు రకాల పోగులున్నాయి. లావుపాటివి కాలు ఎంత వంగింది, ఎంత చాచి ఉంది అనే సమాచారం పంపుతాయి. కళ్ళు మూసుకున్నా మోకాలు ఏ కోణంలో ఉందో మనకు తెలుస్తోందంటే వాటి వల్లే. మిగతావి, ఎక్కువ భాగం, సన్నటి పోగులు. నొప్పి కబురు వీటిదే. వీటిలో మళ్ళీ ఒక విచిత్రమైన జాతి ఉంది. 1980లలో జర్మనీలో హాన్స్ గెయార్గ్ షైబ్లే, రాబర్ట్ ష్మిట్ అనే పరిశోధకులు పిల్లుల మోకాలి నరాలను ఒక్కో పోగు చొప్పున పరీక్షిస్తుంటే కొన్ని పోగులు అస్సలు ఉలకలేదు, పలకలేదు. కీలును వంచినా, మెలిపెట్టినా సరే. అదే కీలులో వాపు పుట్టించాక, కొన్ని గంటల్లో ఆ పోగులు మేలుకున్నాయి. మామూలుగా కాలు కదిపినా గగ్గోలు పెట్టడం మొదలుపెట్టాయి. వాచిన మోకాలితో నాలుగడుగులు వేయడమే గండమైపోవడానికి ఇదొక కారణం. కాలు చేసే పని మారలేదు, పనిని గమనించే పోగుల సంఖ్య పెరిగింది.

ఇంతవరకూ నరం కబురు మోసేదిగానే కనిపించింది. కానీ వైద్యులు చాలాకాలంగా గమనిస్తూ వచ్చిన సంగతి ఒకటి దీనికి అడ్డం తిరుగుతుంది. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్, అంటే మనం కీళ్ళవాతం అనేది, సాధారణంగా రెండు చేతులకూ ఒకేలా వస్తుంది. కుడిచేతి వేలి కణుపులు వాస్తే ఎడమచేతివీ వాస్తాయి. కానీ అంతకుముందే పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయిన మనిషికి తరవాత కీళ్ళవాతం వస్తే, పడిపోయిన పక్క కీళ్ళు చాలావరకు తప్పించుకుంటాయి. బాగున్న చెయ్యి వాస్తుంది, చచ్చుబడ్డ చెయ్యి వాయదు. 1962లో థాంప్సన్, బైవాటర్స్ అనే బ్రిటిష్ వైద్యులు ఇలాంటి రోగుల గురించి వివరంగా రాశారు. కీళ్ళవాతం రక్తంలో తిరిగే జబ్బు కదా, రక్తం రెండు పక్కలకూ సమంగానే పోతుంది కదా, మరి ఈ తేడా ఏమిటి? వాడకం తగ్గడం కొంత కారణం కావచ్చు. కానీ నరం నడుస్తున్న చోటే వాపు రేగుతోందంటే, ఆ వాపులో నరానికి కూడా వాటా ఉందని అనుమానం రావాలి.

ఆ అనుమానానికి ఆధారం ఎప్పుడో దొరికి ఉంది. 1931లో లండన్‌లో ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్, జాన్ గ్యాడమ్ అనే ఇద్దరు గుర్రపు పేగుల నుంచి, మెదడు నుంచి తీసిన సారంలో ఒక కొత్త పదార్థాన్ని కనుక్కున్నారు. అది పేగు కండరాన్ని ముడుచుకునేలా చేసింది, రక్తపోటును తగ్గించింది. దానికి సబ్‌స్టెన్స్ పి అని పేరు పెట్టారు. అందులో ఏముందో తేలడానికి మరో నలభై ఏళ్ళు పట్టింది. అమెరికాలో సూసన్ లీమన్ బృందం అది 11 అమైనో ఆమ్లాల గొలుసు అని 1971లో తేల్చింది. కీలుకు వచ్చే సన్నటి పోగుల్లో ఈ సబ్‌స్టెన్స్ పి నిండా ఉంటుంది. అది వెన్నుపాము దగ్గరి కొసలో ఊరి నొప్పి కబురు అందిస్తుందనుకున్నారు, అది నిజమే. కానీ అదే పోగు అటు కీలు వైపు కొసలో కూడా దాన్ని వదులుతుంది. అక్కడ వదిలితే చిన్న రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటి గోడలు కారతాయి, నీరు చేరుతుంది, రక్షణ కణాలు వచ్చి పడతాయి. అంటే వాపు.

పాతకాలపు తలారి కబురు పట్టుకుని కచేరీకి పోతూ పోతూ, దారిలోనే డప్పుకొట్టి ఊరు ఊరంతటినీ పోగుచేస్తే ఎలా ఉంటుంది? కీలులో నరం సరిగ్గా ఆ పనే చేస్తుంది. పోగు ఒక కొమ్మలో పుట్టిన సంకేతం వెన్నుపాముకు పోతూ, మధ్యలో పక్క కొమ్మలోకి మళ్ళి, అక్కడి కొసల నుంచి కూడా రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. దెబ్బ ఒకచోట తగిలితే ఎరుపు చుట్టూ పాకేది అందుకే.

1984లో అమెరికాలో జాన్ లెవీన్, ఆయన సహచరులు ఎలుకల్లో దీన్ని కీళ్ళ దగ్గరే పరీక్షించారు. ఎలుకలకు కీళ్ళవాతం తెప్పిస్తే చీలమండ బాగా దెబ్బతింటుంది, మోకాలు అంతగా దెబ్బతినదు. చూస్తే చీలమండకే సబ్‌స్టెన్స్ పి ఉన్న పోగులు ఎక్కువ. సరే, మోకాల్లోకి సబ్‌స్టెన్స్ పిని బయటి నుంచి ఎక్కిద్దామని ఎక్కించారు. తప్పించుకోవాల్సిన మోకాలు కూడా తీవ్రంగా దెబ్బతింది. ఏ కీలు ఎంత పాడవుతుందనేది దానికి ఉన్న నరాల మీద కూడా ఆధారపడి ఉందని అలా తేలింది.

ఇదంతా ఎక్కడో ప్రయోగశాలల్లో సంగతి అనుకోవద్దు. గుంటూరు చుట్టుపక్కల ఎండుమిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళే ఆడవాళ్ళను అడిగితే ఇది అనుభవంతో చెబుతారు. సాయంత్రానికి అరచేతులు భగ్గుమంటాయి, ఎర్రబడతాయి, పొంగుతాయి. చన్నీళ్ళలో ముంచినంతసేపు ఊరట, తీస్తే మళ్ళీ మంట. అక్కడ నిప్పూ లేదు, గాయమూ లేదు. మిరపలోని క్యాప్సైసిన్ సన్నటి పోగుల మీద ఉండే ఒక గ్రాహకాన్ని, అంటే కబురు అందుకునే ప్రోటీన్‌ను, తెరుస్తుంది. అది సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడికి తెరుచుకునే గ్రాహకమే కాబట్టి మెదడుకు ‘కాలుతోంది’ అనే కబురు వెళ్తుంది. అదే క్షణంలో పోగు కొసల నుంచి సబ్‌స్టెన్స్ పి చర్మంలోకి దిగి ఎర్రబరుస్తుంది. ఈ గ్రాహకం జన్యువును 1997లో కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం పట్టుకుంది. 2021 వైద్య నోబెల్‌లో ఆయన వాటా దానికే. వాపులో కీలు వేడెక్కుతుంది, పుల్లబడుతుంది కూడా. ఆ వేడి, ఆ ఆమ్లం కీలు నరాల మీద ఉన్న ఇదే గ్రాహకాన్ని రేపుతాయి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. క్యాప్సైసిన్ పదేపదే తగిలితే పోగు అలిసిపోతుంది, కొసలు కొంతకాలం స్పందించడం మానేస్తాయి. దీన్ని హంగేరీలో మిక్లోష్ యాంచో అనే శాస్త్రవేత్త 1940లలోనే గమనించాడు. మోకాళ్ళ నొప్పులకు వాడే క్యాప్సైసిన్ క్రీముల వెనక ఉన్న సూత్రం ఇదే. మొదటి రోజుల్లో మండుతుంది, వరసగా రాస్తే నొప్పి తగ్గుతుంది. ఒకరోజు రాసి మండిందని మానేసే వాళ్ళకు ఫలితం కనిపించదు. అలాగని పచ్చిమిరపకాయ నూరి మోకాలికి పట్టించకండి. క్రీములో మోతాదు చాలా తక్కువ, లెక్కగా ఉంటుంది. వంటింటి మిరపకు ఆ లెక్క లేదు, చర్మం కాలుతుంది.

ఇప్పటివరకు చెప్పుకున్న రసాయనం నరం నుంచి వచ్చింది. అసలు వింత ఏమిటంటే, నరంతో సంబంధం లేని కీలు కణాలు కూడా ఈ రసాయనాలను తయారుచేస్తాయి, వాటికి స్పందిస్తాయి. దీనికి మంచి ఉదాహరణ గ్లుటమేట్.

ఇది మనకు కొత్తది కాదు. ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర నూడుల్స్‌లో చల్లే టేస్టింగ్ సాల్టు గ్లుటమేట్ ఉప్పే. 1908లో జపాన్‌లో కికునే ఇకెదా సముద్రపు నాచు నుంచి దాన్ని వేరుచేశాడు. పండిన టమాటాలోనూ సహజంగానే ఉంటుంది. మెదడులోనూ వెన్నుపాములోనూ కణాలను ఉత్తేజపరిచే ముఖ్య రసాయనం ఇదే. 1997లో ఇంగ్లండులో డెబొరా మేసన్, టిమ్ స్కెరీ ఎముక మీద భారం పడినప్పుడు ఏ జన్యువులు మారతాయో ఎలుకల్లో వెతుకుతుండగా, మెదడులో మాత్రమే ఉంటుందనుకున్న గ్లుటమేట్ రవాణా ప్రోటీన్ ఒకటి ఎముక కణాల్లో దొరికింది. ఆ దారి తెరుచుకున్నాక గ్లుటమేట్ గ్రాహకాలు ఎముకలో, సైనోవియంలో, చివరకు నరమే లేని గుజ్జు కణాల్లో కూడా కనిపించాయి. 2000లో టెక్సస్‌లో పరిశోధకులు కీళ్ళజబ్బున్న వాళ్ళ మోకాలి నీరు తీసి పరీక్షిస్తే అందులో గ్లుటమేట్ పెరిగి ఉంది.

అది అక్కడ ఏంచేస్తోంది? నరం కొసలను రేపి నొప్పి పెంచుతుంది. సైనోవియం కణాలను రేపి వాపు పెంచుతుంది. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో మేసన్ బృందం 2015లో ప్రచురించిన ప్రయోగంలో, కీళ్ళవాతం ఉన్న ఎలుకల మోకాల్లోకి గ్లుటమేట్ గ్రాహకాన్ని మూసే మందును ఒక్కసారి ఎక్కించారు. వాపు తగ్గింది, కుంటడం తగ్గింది, కీలు పాడవడం కూడా తగ్గింది. ఈ మందును మాత్రగా ఎందుకివ్వరు? మెదడంతా ఆ గ్రాహకాల మీదే నడుస్తోంది. మాత్రగా ఇస్తే మోకాలి కోసం మెదడును మత్తులో ముంచినట్టవుతుంది. అందుకే కీలులోకే సూదిమందు ఇచ్చే దారులు వెతుకుతున్నారు. ఇది ఇంకా ఎలుకల దశలోనే ఉంది.

టేస్టింగ్ సాల్టు తింటే మోకాళ్ళ నొప్పులొస్తాయా అని మీరిప్పుడు అడగబోతారు. తిన్న గ్లుటమేట్‌లో చాలాభాగం పేగు గోడలోని కణాలే ఇంధనంగా వాడేసుకుంటాయి. కీలులో పేరుకున్నది కీలులో పుట్టిందే.

కీలులో రేపే రసాయనాలున్నట్టే చల్లార్చే రసాయనాలూ ఉన్నాయి. సబ్‌స్టెన్స్ పిని కనుక్కున్న ఫాన్ ఆయిలరే 1946లో సింపథెటిక్ అనే జాతి నరాలు నోరాడ్రినలిన్‌ను వదులుతాయని చూపించాడు. 1970లో ఆయనకు నోబెల్ వచ్చింది. మామూలు కీలులో సబ్‌స్టెన్స్ పి వదిలే నరాలూ, నోరాడ్రినలిన్ వదిలే నరాలూ రెండూ ఉంటాయి. నోరాడ్రినలిన్ తగినంత మోతాదులో ఉన్నప్పుడు రక్షణ కణాల దూకుడును తగ్గిస్తుంది. జర్మనీలోని రేగెన్స్‌బుర్గ్‌లో రైనర్ స్ట్రౌబ్ బృందం 2000 ప్రాంతంలో కీళ్ళవాతం రోగుల సైనోవియం ముక్కలను పరీక్షించి ఒక సంగతి చూసింది. ఆ పొరలో నోరాడ్రినలిన్ నరాలు బాగా తగ్గిపోయాయి, సబ్‌స్టెన్స్ పి నరాలు మాత్రం నిలిచి ఉన్నాయి, పెరిగాయి కూడా. చల్లార్చే చెయ్యి వెనక్కి తగ్గి, రేపే చెయ్యి ముందుకొచ్చింది.

ఇక ఎసిటైల్‌కోలిన్. ఇక్కడే వేగస్ నరం మళ్ళీ వస్తుంది. లోవీ కప్పగుండెను నెమ్మదింపజేసిన ఆ నరమే మనిషి మెడ గుండా దిగి పొట్ట దాకా పోతుంది. 2000లో న్యూయార్క్ దగ్గర కెవిన్ ట్రేసీ బృందం ఎలుకల్లో వేగస్‌ను కరెంటుతో ప్రేరేపిస్తే, టీఎన్ఎఫ్ అనే వాపు పదార్థం తగ్గింది. కీళ్ళవాతంలో వాడే కొన్ని ఖరీదైన ఇంజెక్షన్లు అడ్డుకునేది ఆ టీఎన్ఎఫ్‌నే. నరం పంపిన కబురు ప్లీహం దాకా చేరి, అక్కడ ఎసిటైల్‌కోలిన్ ద్వారా రక్షణ కణాలను ఆపుతోందని వాళ్ళు వివరించారు. సైనోవియం కణాలకు కూడా ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలున్నాయని తరవాత తేలింది.

ఇది మనుషుల దాకా వచ్చింది. 2016లో ప్రచురితమైన అధ్యయనంలో కీళ్ళవాతం ఉన్న 17 మందికి వేగస్ నరం దగ్గర చిన్న పరికరం అమర్చి, రోజుకు కొద్ది నిమిషాలు ప్రేరేపించారు. టీఎన్ఎఫ్ తగ్గింది, చాలామందికి కీళ్ళు తేలికపడ్డాయి. ఆపితే మళ్ళీ పెరిగింది. వీళ్ళంతా మెథోట్రెక్సేట్ వాడినా జబ్బు అదుపులోకి రాని వాళ్ళు. ఆ మెథోట్రెక్సేట్ పుట్టుకలో మన భీమవరానికి చెందిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పాత్ర ఉంది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం చేసిన ఫోలిక్ యాసిడ్ పరిశోధన నుంచే ఆ జాతి మందులు వచ్చాయి. నేటికీ కీళ్ళవాతం చికిత్సలో మొదట రాసేది ఎక్కువగా ఆ మాత్రనే, అదీ వారానికి ఒక్కరోజే. దానికీ, తరవాతి మందులకూ లొంగని పెద్దవాళ్ళ కోసం, మెడలో అమర్చే వేగస్ పరికరానికి 2025 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. ఇది అందరికీ పనిచేసే మంత్రం కాదు. కానీ నరాన్ని పట్టుకుని కీళ్ళవాతానికి చికిత్స చేయవచ్చన్న ఆలోచన కాగితం దాటింది.

ఇదంతా వింటే, నొప్పి రసాయనాన్ని మూసేస్తే సరిపోదా అనిపిస్తుంది. మందుల కంపెనీలకూ అలాగే అనిపించింది. సబ్‌స్టెన్స్ పి గ్రాహకాన్ని మూసే మందులు తయారుచేసి నొప్పి మీద ప్రయోగించారు. జంతువుల్లో బ్రహ్మాండంగా పనిచేసినవి మనుషుల్లో చతికిలబడ్డాయి. నొప్పి కబురుకు దారులు అనేకం ఉండటం వల్ల ఒక్కటి మూసినా మిగతావి పనిచేస్తూనే ఉంటాయి. కానీ ఆ మందులు వృథా కాలేదు. వాంతిని నడిపే కేంద్రాల్లో సబ్‌స్టెన్స్ పిదే పెత్తనం. వాటిలో ఒకటి 2003లో అప్రెపిటాంట్ అనే పేరుతో క్యాన్సర్ కీమోథెరపీ వాంతులకు అనుమతి పొందింది. కీమో ఎక్కించే రోజున చాలామంది మింగే మాత్ర అదే.

రెండో కథ ఇంకా పెద్ద పాఠం చెబుతుంది. నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ వాచిన కీలులో పెరిగి, నరాల కొసలను మరింత సున్నితం చేస్తుంది. దీన్ని కనుక్కున్నందుకు రీటా లెవీ మొంటాల్చీనికి, స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ వచ్చింది. దాన్ని అడ్డుకునే టానెజుమాబ్ అనే ఇంజెక్షన్‌ను మోకాలి అరుగుదల రోగులకు ఇస్తే, 2010లో వచ్చిన ఫలితాలు చూసి వైద్యలోకం ఉలిక్కిపడింది. నొప్పి అంత బాగా తగ్గింది. కానీ అదే ఏడాది ప్రయోగాలు ఆపాల్సి వచ్చింది. కొందరిలో కీళ్ళు నెలల వ్యవధిలో కూలిపోయి, మార్పిడి ఆపరేషన్ దాకా వచ్చింది. మళ్ళీ జాగ్రత్తలతో మొదలుపెట్టారు, మళ్ళీ అదే ప్రమాదం కొంతమందిలో కనిపించింది. 2021లో అమెరికాలో నిపుణుల సంఘం 19-1 ఓట్లతో వద్దంది. కంపెనీలు ఆ మందును వదిలేశాయి.

ఇందులో పాతపాఠమే ఉంది. 1868లో పారిస్‌లో జాన్ మార్టిన్ షార్కో, వెన్నుపాము జబ్బుతో స్పర్శ పోయిన రోగుల కీళ్ళు నొప్పి లేకుండానే పిండి అయిపోవడాన్ని వర్ణించాడు. నొప్పి తెలియదు కాబట్టి దెబ్బతిన్న కీలు మీదే నడుస్తూ పోతారు. ఇప్పుడది ఎక్కువగా కనిపించేది మధుమేహం ఉన్న వాళ్ళ పాదాల్లో. పాదం ఒక్కసారిగా ఎర్రబడి, వేడెక్కి, వాచి, పెద్దగా నొప్పి లేకపోతే, చర్మం ఇన్ఫెక్షన్ అనో బెణుకు అనో అనుకుని పసరు పట్టించుకుంటూ నడుస్తుంటారు. షుగరున్న వాళ్ళు ఇలాంటి వాపు కనిపించిన రోజే పాదం మీద బరువు ఆపి, డాక్టరుకు చూపించుకోవాలి.

ఇక రోజువారీ సంగతికి వద్దాం. మోకాళ్ళ నొప్పికి డాక్టరు డులోక్సెటిన్ రాస్తే మందుల షాపులో “ఇది దిగులుకిచ్చే మాత్రండీ” అంటారు. ఇంటికొచ్చి పెద్దావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది: “నా నొప్పి ఉత్తదే అనుకున్నాడా ఆ డాక్టరు? నాకేమైనా పిచ్చా?” కాదమ్మా. మెదడు నుంచి వెన్నుపాముకు దిగే నరాలు సెరటోనిన్, నోరాడ్రినలిన్ వదిలి, కీలు నుంచి వచ్చే నొప్పి కబురును తగ్గిస్తాయి. ఆ రెండిటినీ ఆ మాత్ర నిలబెడుతుంది. 2010 నుంచి అమెరికాలో దానికి కండరాల, ఎముకల, కీళ్ళ దీర్ఘకాలిక నొప్పుల కోసం కూడా అనుమతి ఉంది. నొప్పి నిజం. మాత్ర పనిచేసే చోటు వెన్నుపాము. ఒక్కసారిగా మానకూడదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

నొప్పి తగ్గింది కదా అని కీలు బాగుపడిందని అనుకోవద్దు. నొప్పి ఉంది కదా అని కీలు అయిపోయిందనీ అనుకోవద్దు. ఊళ్ళోకి వచ్చి అమ్మే పొట్లం పొడితో రెండు రోజుల్లో నొప్పి మాయమైతే, అందులో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చని అనుమానించండి. కీళ్ళు పొద్దున లేవగానే గంటసేపు బిగుసుకుపోయి, రెండు చేతుల కణుపులూ వాస్తుంటే అది అరుగుదల కాదు, కీళ్ళవాతం కావచ్చు, ఆలస్యం చేయకుండా రుమటాలజిస్టును కలవండి. ఉన్నది అరుగుదలే అయితే డాక్టరును అడగాల్సిన ప్రశ్న “గుజ్జు ఎంత అరిగింది?” అన్నది ఒక్కటే కాదు. “వాపు ఉందా? నరాలు రేగి ఉన్నాయా? తొడ కండరం ఎంత బలహీనపడింది?” అని కూడా అడగండి. అరిగిన గుజ్జును తిరిగి మొలిపించే మందు ఇప్పటికైతే లేదు. వాపును, నరాల రేగుడును, కండరం బలహీనతను మాత్రం తగ్గించుకోవచ్చు. కుర్చీలో కూర్చుని, కాలు చాచి, తొడ బిగించి పది లెక్కపెట్టి దించండి. రెండు కాళ్ళకూ, పూటకు పదేసిసార్లు. ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు.